బ్రేకు మేస్త్రీ సొంత కార్డు

బ్రేకు మేస్త్రీ సాధించిన మొదటి ఘనకార్యం, ఆరంతస్తుల ఆస్పత్రి మేనేజరు చేత నాలుగు రోజులు మెట్లెక్కించడం. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. మీసం ఇంకా కుదురుకోలేదు, లిఫ్టు మెకానిక్కు ఉద్యోగమూ కుదురుకోలేదు. ఆఫీసు వైపు లిఫ్టు యంత్రం గదిలో తనిఖీ కార్డు చూశాడు. అంతకుముందున్న మెకానిక్కు మార్చిలోనే జూన్ దాకా అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. మేస్త్రీ అప్పటికప్పుడే లిఫ్టుకు తాళం వేసి పసుపు బోర్డు తగిలించాడు.

"నిక్షేపంలా నడుస్తున్న లిఫ్టయ్యా! నీకేమన్నా మతిపోయిందా?" అని మేనేజరు ఎగిరిపడ్డాడు.

"రేపటి టిక్కు ఇవాళ పెడితే అది దొంగకార్డు సార్. దొంగకార్డున్న లిఫ్టును నడపనివ్వను."

కుర్రాడి పని అయిపోయిందనుకున్నారంతా. తీరా విప్పి చూస్తే ఉక్కు తాడులో సగం తీగలు తెగి ఉన్నాయి. కొత్త తాడు వచ్చేదాకా మేనేజరు కిక్కురుమనకుండా మెట్లెక్కాడు. కుర్రాడికి 'బ్రేకు మేస్త్రీ' అన్న పేరు అప్పుడే పడింది.

ఆ తర్వాత పందొమ్మిదేళ్లు. ఎనభై మూడు లిఫ్టులు ఆయన చేతి మీదుగా నడిచాయి, ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. కళ్లు మూసుకుని చప్పుడు వింటే చాలు, ఏ అంతస్తు తలుపు నలతగా ఉందో చెప్పేవాడు. పెళ్లిరోజు పొద్దున కూడా రెండు లిఫ్టులు చూసుకునే వెళ్లాడు. సెలవన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

అలాంటి మనిషికి నిరుడు శీతాకాలం నుంచి నిద్ర కరువైంది. కంచం ముందు కూర్చుని గోడ చూసేవాడు. ఒకరోజు పంచదార తక్కువైందని కేకలు వేశాడు, పెళ్లాం మీద కాదు, టీ గ్లాసు మీద.

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆస్పత్రి నర్సమ్మ సంగతి విని, "వారానికోసారి తన మనసెలా ఉందో తననే చూసుకోమనండి. అదీ తనిఖీయే" అంది. ఆ మాట పట్టుకుని భార్య అట్టముక్క మీద గళ్లు గీసింది. నిద్ర, ఆకలి, కోపం, నవ్వు. సంవత్సరానికి సరిపడా ఆదివారాలు. బీరువా తలుపు లోపల మేకుకు వేలాడదీసింది. జనవరి నుంచి ఆదివారం ఆదివారం మేస్త్రీ బీరువా తెరిచి, మూసి, "బాగుందే, అంతా బాగుంది" అనేవాడు.

జూన్ మొదటి ఆదివారం, మేస్త్రీ కుర్చీలో కూర్చుని ఉండగా, దారపు ఉండ కోసం బీరువా తెరిచిన భార్య కార్డు చూసి కొయ్యబారిపోయింది. వెంటనే పై వాటాలో ఉండే ఆడపడుచును కేకేసింది. "వదినా! ఒకసారి కిందికి రా!"

ఆవిడ వచ్చి, అట్టముక్కను మేకు నుంచి తీసి, కళ్లజోడు సర్దుకుంది. కార్డు డిసెంబరు చివరి ఆదివారం దాకా నిండిపోయి ఉంది, ఒకే పెన్నుతో, ఒకే ఊపుతో.

"ఓరి తమ్ముడూ, డిసెంబరులో నీకు హాయిగా నిద్రపట్టిందన్నమాట! మంచిదిరా. నవ్వు గడిలోనూ టిక్కేనా? నువ్వు నవ్వగా చూసినవాణ్ని ఒక్కణ్ని తీసుకురా, సాక్ష్యం చెప్పిస్తా."

"ఊరుకో అక్కా. ప్రతివారం అదే రాయాలిగా, ఒకేసారి రాశాను."

"ఆ ఆస్పత్రి లిఫ్టు మెకానిక్కూ అదే కదండీ చేసింది?" అంది భార్య.

భార్య ఆయన పనిముట్ల సంచి బీరువాలో పెట్టి తాళం వేసింది. సంచిలోంచి తీసిన పసుపు బోర్డు ఆయన కుర్చీకే తగిలించింది. 'మరమ్మతులో ఉంది. వాడరాదు.'

"సంచి ఇవ్వవే. రేపు పొద్దున్నే తొమ్మిదంతస్తుల లిఫ్టుంది."

"దొంగకార్డున్న దాన్ని నేను నడపనివ్వను. విప్పి చూడాల్సిందే."

అక్క పకపకా నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. బోర్డు తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "మొన్న గురువారం స్టాప్ స్విచ్చి వేయకుండానే లిఫ్టు నెత్తిన ఎక్కాను. పైన ఎవరో బటన్ నొక్కారు, లిఫ్టు నన్ను మోసుకుని కప్పు వైపు లేచింది. మధ్యలో నాకే గుర్తొచ్చి స్విచ్చి నొక్కాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నలిగిపోయేవాణ్ని. పందొమ్మిదేళ్లలో ఎప్పుడూ మరిచిపోలేదే."

అక్క నవ్వు ఆగిపోయింది. భార్య ఆయన పక్కన కూర్చుని కార్డూ పెన్నూ చేతికిచ్చింది. మేస్త్రీ టిక్కులన్నీ కొట్టేసి ఆ ఒక్క ఆదివారానికే రాశాడు. నిద్ర లేదు. ఆకలి లేదు. కోపం, గ్లాసుల మీద కూడా. నవ్వు గడి దగ్గర ఆగి, "అక్క నవ్వింది, అది రాయొచ్చా?" అన్నాడు.

"సొంత నవ్వే రాయాలి నాయనా!" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

సోమవారం నర్సమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మాత్రలు, వారానికోసారి మాట్లాడటానికి రమ్మనడం, మూడు వారాల విశ్రాంతి. పందొమ్మిదేళ్లకు మొదటి సెలవుచీటీ రాయడం మేస్త్రీకి చేతకాలేదు, మూడు కాగితాలు చింపాడు. అదీ సాధించాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోబోతూ బోర్డు చూసి ముఖం చిట్లించాడు.

"కింద తేదీ రాయలేదేం? తేదీ లేకుండా బోర్డు పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను!"

"మీరే రాయండి, మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

తనకు తగిలించిన బోర్డుకే తేదీ లేదని తనే దబాయిస్తున్నానని తోచి మేస్త్రీకి నవ్వొచ్చింది. సొంత నవ్వే. అట్టముక్క మీద సోమవారానికి గడి లేదు కాబట్టి, వచ్చే ఆదివారం దాకా దాచుకోవాల్సిందే. పెన్ను తీసుకుని, బోర్డు కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు.

తిరిగి పనిచేయు తేదీ: జూన్ 23, సోమవారం.