లంక బాటలో మైకు

డిపోలో ఆయన్ని అందరూ మైకు అనేవారు. సిటీ బస్సులో కండక్టరు. వెనక మెట్టు మీద నిలబడి స్టాపు పేరు కేకేస్తే, ముందు సీట్లో కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచి తనది కాని స్టాపులో కూడా దిగిపోయేవాడు. ఇంట్లోనూ అదే గొంతు. ఆయన మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు గ్లాసు పట్టుకొచ్చేంత పనయ్యేది. రిటైరైనా ఆ గొంతు తగ్గలేదు. పక్షవాతం వచ్చి తగ్గించింది.

కాలు కొంతవరకు తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తాడు. మాట మాత్రం ముద్దముద్దగా వస్తుంది. ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఆయన భార్యని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "వాడకపోతే ఈ కాస్త మాట కూడా పోతుందండీ. రోజూ ఎలాగైనా మాట్లాడించండి. మౌనం అలవాటైందంటే ఇక మనం చెయ్యగలిగేది ఏమీ ఉండదు."

ఆయన భార్య టైలరమ్మ. వీధి గదే ఆమె దుకాణం. కిటికీ కింద మిషను, గోడవారగా కటింగు బల్ల, మూలన బట్టలు వేసుకుని చూసుకోవడానికి తెర కట్టిన చోటు, బల్ల కింద గుడ్డముక్కల సంచులు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఒకసారి ఆ టేపుతోనే ఎవరి పెళ్ళికో వెళ్ళి అక్షింతల దగ్గర నాలిక కరుచుకుంది కూడా. ఆమెకి పేరొచ్చింది కనబడని కుట్టుకి. చిరిగిన కోటు మోచెయ్యి ఆమె బాగుచేసి ఇచ్చిందంటే ఎక్కడ చిరిగిందో కోటు గలవాడే వెతుక్కోవాలి. దారం రంగు బట్టలో కలిసిపోవాలి, అతుకు అతుకులా ఉండకూడదు. ఆమె చేతికి ఆ ఒక్క విద్యే తెలుసు.

మొగుడి మాట విషయంలోనూ పాపం ఆవిడ అదే చేసింది. ఆయన ఏదో అంటాడు, ఈవిడకి అర్థం కాదు. కాలేదంటే చిన్నబుచ్చుకుంటాడని "ఆఁ, సరే సరే" అనేస్తుంది. కిటికీ తెరవమంటే దుప్పటి తెచ్చి కప్పింది. కళ్ళజోడు అడిగితే టీ పెట్టి ఇచ్చింది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ ముందు ఆయన నోరు తెరిస్తే చాలు, మిగతాది ఈవిడే అందుకుని "మీ పిల్లలు బాగున్నారా అంటున్నారు" అనేది. వాళ్ళు బాగున్నారని చెప్పి వెళ్ళిపోయేవారు. ఆయన అడగబోయింది వాళ్ళు వచ్చిన బస్సు ఖాళీగా ఉందా అని. మొదట్లో కాదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. పోనుపోను అదీ మానేసి, కిటికీలోంచి వీధిని చూస్తూ నోరు మెదపకుండా కూర్చునేవాడు.

ఒకరోజు ఆడపడుచు చూడ్డానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వదినా, కోపం తెచ్చుకోకు. అన్నయ్య నోట్లో మాట నువ్వే లాగేసుకుంటున్నావేమో చూసుకో," అంది.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "చుట్టపుచూపుగా వచ్చి చెప్పడం తేలికేనమ్మా. పట్టుమని పదిరోజులుండి చూసుకో, అప్పుడు తెలుస్తుంది," అంది. ఆడపడుచు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

తప్పు తనది కాదని తేల్చేసుకున్నాక టైలరమ్మకి జనం మీద అనుమానం వచ్చింది. మనిషి పదిమంది ముందు సిగ్గుపడుతున్నాడు, జనం లేని చోటికి తీసుకెళ్తే గొంతు దానంతటదే విచ్చుకుంటుంది అనుకుంది. అలా దొరికింది ఆ లంక.

ఊరి చివరి స్టాపు దాటితే చిత్తడి నేల. దాని మధ్యలో చిన్న లంక, దానికో చెక్క వంతెన. ఒకప్పుడు అధికారులు లంక చుట్టూ నడకబాట వేసి, బెంచీలు వేసి, పక్షుల బొమ్మలతో బోర్డులు పెట్టారు. ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఆ తర్వాత అక్కడ ఎవరూ ఏదీ కత్తిరించలేదు. జమ్ము గడ్డి మనిషి ఎత్తు దాటి పెరిగింది. తీగలు బోర్డుల మీదికి పాకి, కొంగ బొమ్మకి ముక్కొక్కటే మిగిల్చాయి. వంతెన దిగేవరకు వెనక మేడలు కనబడతాయి, ఇంకాస్త లోపలికి వెళ్తే ఊరుందన్న ఆనవాలే ఉండదు. నీటికోళ్ళ అరుపులు, బురద వాసన, కాలి కింద ఎక్కడో ఇటుకబాట.

మొదటిరోజే దారి తప్పి, తిరిగిన చోటే తిరిగి బయటపడ్డారు. మర్నాడు టైలరమ్మ ముక్కల సంచి వెంట తెచ్చింది. బాట చీలిన ప్రతిచోటా ఒక పేలిక కట్టి గుర్తు పెడదామని. మంచి ఆలోచనే. కానీ చెయ్యి ఎవరిది? జమ్ము దగ్గర ఆగి, సంచిలో చెయ్యి పెట్టి కెలికి, ఆకుపచ్చ ముక్కల్లోనే మరీ ముదురు పక్కన పడేసి, సరిగ్గా ఆ ఆకు రంగుదే ఏరి కట్టింది. చెట్టు మానుకి గోధుమరంగు, వెలిసిన బోర్డు కర్రకి బూడిదరంగు. కట్టి, ఒకడుగు వెనక్కి వేసి, తల వాల్చి చూసుకుని మురిసిపోయింది. ఎంత బాగా కలిసిపోయిందో!

మైకు ఆ ముడి వంక, ఆమె వంక చూశాడు. కర్ర ఎత్తి ముడిని చూపిస్తూ నోరు తెరిచాడు. ఏదో ముద్దగా వచ్చింది.

"ఆఁ, సరే సరే. గట్టిగానే కట్టానులెండి, ఊడదు," అంది టైలరమ్మ.

ఆయన కర్ర దించేశాడు.

తర్వాత రోజూ పొద్దున్నే, కొట్టు తెరవకముందే వచ్చేవారు. ఆమె ముందు నడుస్తూ జమ్ము పక్కకి తోసేది, ఆయన వెనక వచ్చేవాడు. మాట్లాడించడానికి తీసుకొచ్చిన మనిషిని వెనక పెట్టుకుని దారిపొడుగునా తనే మాట్లాడేది. కాలర్లు సరిగా కూర్చోకపోవడం, పాడైన జిప్పులు, ఆడపడుచు పెడసరం. ఆయన ఊఁ కూడా కొట్టేవాడు కాదు. ఇంటికెళ్ళాక గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే ఆమెకి ఏడుపొచ్చేది. ఇంత దూరం నడిపించినా ఒక్క మాట రాలేదే అని.

కొన్నాళ్ళు ముసురు పట్టి వెళ్ళడం కుదరలేదు. తెరిపివ్వగానే బయల్దేరారు. లంకలో బాట లేదు. వాన తాగి జమ్ము రెండు వైపులా వాలి అల్లుకుపోయింది. కొంతదూరం పడుతూ లేస్తూ వెళ్ళాక ఆయన కాలు మొరాయించింది. ఒక పాత బెంచీ కనబడితే కూర్చోబెట్టి, "కదలకండి. వంతెన ఎటో చూసి వస్తాను, గుర్తులున్నాయిగా," అని వెళ్ళింది.

గుర్తులున్నాయి. కళ్ళకి కనబడవు, అంతే. ప్రతి ఆకూ తను కట్టిన పేలికలాగే ఉంది. వెతికి వెతికి, ఒక మలుపు ఎక్కువ తిరిగి, వెనక్కి రాబోయి, ఎటు వెనకో తెలియక నిలబడిపోయింది. ఒక అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడింది. కాలు లాక్కుంది, చెప్పు బురదలోనే ఉండిపోయింది.

"ఏమండీ!"

ఉలుకూ పలుకూ లేదు.

"ఏమండోయ్! ఎటున్నారు?"

నీటికోడి ఒకటి కూసి ఊరుకుంది. ఆయన లేవబోయి పడ్డాడేమో. నీళ్ళలోకి పడ్డాడేమో. ఊళ్ళో ఇంతమంది జనాన్ని వదిలి, పిలిస్తే పలికే దిక్కు లేని చోటికి ఏరికోరి తనే తీసుకొచ్చింది. "ఒక్క మాట అనండి! ఏదో ఒకటి! తిట్టండి పోనీ!" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది.

అప్పుడు వచ్చింది గొంతు. మాట కాదు, గొంతు. బస్సు వెనక మెట్టు మీది గొంతు, కాకపోతే నలిగి, ముద్దయి. కుడి చేతివైపు నుంచి వచ్చినట్టుంది. ఆమె అటు తిరగబోయింది. గొంతు ఇంకా పెద్దదై ఏదో అంది.

"సరే సరే" అని నోటిదాకా వచ్చింది. సరే అని కాలు ఎటు వెయ్యాలి? ఇక్కడ దుప్పటి కప్పి, టీ ఇచ్చి తప్పించుకోవడం కుదరదు. అర్థం కాకుండానే అర్థమైందంటే మునిగేది తనే.

"అర్థం కాలేదండీ!" అని కేకేసింది. ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. "మళ్ళీ చెప్పండి!"

ఆయన మళ్ళీ చెప్పాడు.

"కాలేదు! ఇంకోసారి!"

ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఒక్కో ముక్కా విడగొట్టి చెప్పాడు. అటు నీళ్ళు, ఎడమకి తిరుగు. ఎడమకి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగి మళ్ళీ అడిగింది. ఆయన చెప్పాడు, ఆమె కాలేదంది, ఆయన విసుక్కుంటూ మళ్ళీ చెప్పాడు. జమ్ము అవతల ఒక మనిషి అరుస్తుంటే, ఇవతల ఒక మనిషి అడుగుతుంటే, పక్షులన్నీ లేచిపోయాయి. చివరికి కాలి కింద ఇటుక తగిలింది.

మైకు బెంచీ ఎక్కి, చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైనుంచి జమ్ము తలలు కదలడం చూస్తూ దారి చెప్పాడన్నమాట. ఆ కాలితో ఎలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. పిలిచిన వెంటనే పలకనిది ఆ ఎక్కే పనిలో పడే. ఒళ్ళంతా చెమట, గడ్డం మీద చొంగ, కళ్ళలో ఎక్కడలేని కోపం. ఆమె ఆయన్ని పట్టుకుని దింపుతుండగానే చెయ్యి విదిలించుకుని, పెద్ద వాక్యం ఒకటి అందుకున్నాడు. అందులో ఒక్క ముక్కా ఆమెకి అందలేదు.

"మళ్ళీ చెప్పండి," అంది.

చెప్పాడు.

"సగమే తెలిసింది. మళ్ళీ."

ఆయన కూర్చుని, ఊపిరి తీసుకుని, నిదానంగా చెప్పాడు. "ఆకు మీద... ఆకు రంగు కడితే... ఎలా కనబడుతుందే? కట్టినరోజే... చెప్పాను. నువ్వు విన్లా."

టైలరమ్మకి తను కప్పిన దుప్పటి, ఇచ్చిన టీ, ఆయన బదులు తను అడిగేసిన పిల్లల క్షేమాలు అన్నీ గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ మాట రాక ఊరుకున్నాడనుకుంది. బురద కాళ్ళతో ఆయన ముందు అలాగే నిలబడిపోయింది.

"నేను విననివి ఇంకా ఏమైనా ఉన్నాయా?" అంది, సన్నగా.

మైకు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, మధ్యలో మానేశాడు.

"చాలా," అన్నాడు.

"అయితే కాస్త జరగండి," అని, ఆమె పక్కన కూర్చుంది.