బతికున్న తాత ఫోటోకి దండ

బెంగాల్లో ఓడరేవు పక్కనుండే వాట్‌గంజ్‌లో మా చిన్నప్పుడు... వైశాఖం వచ్చిందంటే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఎండకి కాదు. పక్కింటి మిఠూ వాళ్ళని చూసి.

వైశాఖంలో బెంగాలీవాళ్ళ మహాకవి పుట్టినరోజు వస్తుంది. వీధిలో బల్ల వేసి, తెల్లదుప్పటి పరిచి, ఆయన ఫోటో పెట్టి, రజనీగంధ పూలదండ వేసి, అగరొత్తులు వెలిగించేవారు. మిఠూ ఎర్రంచు తెల్లచీర చుట్టుకుని పాడేది. ఆయన పుట్టి ఇన్నేళ్ళయిందని మైకులో చెప్పేవారు. ఎప్పుడో పోయినాయన వయసు వీధిలో పిల్లలందరికీ కంఠతా వచ్చు...

అదొక్కటేనా. సినిమాలు తీసినాయనకో రోజు, ఫుట్‌బాల్ కప్పు గెలిచినందుకో రోజు, వీధిలో క్లబ్బు పెట్టి పాతికేళ్ళయితే దానికో రోజు. ఆఖరికి మిఠూ వాళ్ళ దాదు, అంటే తాతగారు, ఆయన పుట్టినరోజుక్కూడా పాయసం వండేవారు. గిన్నెడు మా ఇంటికీ పంపేవారు. తింటూనే కుళ్ళుకునేదాన్ని.

మరి మాకో... మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడరేవులో బస్తాలు మోసేవాడు. "తాతా, నువ్వెప్పుడు పుట్టినావు?" అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. మా మామ్మే జవాబు చెప్పేది. "పెద్ద గాలివాన ఏడు పుట్టినాడే. కొబ్బరిచెట్లన్నీ పడిపోనాయంట."

గాలివానకి ఎవరైనా మైకు పెడతారా?

ఒక ఏడు ఇక పట్టలేకపోయాను. వీధిలో పండగ అయిన మర్నాడు మిఠూ వాళ్ళమ్మని అడిగి ఆ పూలదండ తెచ్చేసుకున్నాను. కాస్త వాడింది గానీ వాసన పోలేదు. మా ఇంట్లో గోడకి తాత ఫోటో ఒకటుండేది, ఖిదిర్‌పూర్‌లో స్టూడియోకెళ్ళి బిగుసుకుని నించుని తీయించుకున్నది. దాన్ని దింపి, బియ్యం డబ్బా మీద మామ్మ ఉతికిన చీర పరిచి, ఫోటో నిలబెట్టి, దండ వేశాను. అగరొత్తులు కూడా వెలిగించాను. మిఠూనీ, వీధిలో ఇంకొందరు పిల్లల్నీ పిలిచి వరసగా కూర్చోబెట్టాను.

"ఎన్నో పుట్టినరోజు?" అంది మిఠూ బెంగాలీలో.

"వందోది" అన్నాను. వాళ్ళ కవికి ఎప్పుడో వంద దాటింది కదా... మేం తక్కువ తినలేదని.

మిఠూ నమ్మేసి చప్పట్లు కొట్టింది.

అప్పుడే మామ్మ కుళాయి దగ్గర్నుంచి నీళ్ళబిందెతో వచ్చింది. మన ఇళ్ళల్లో ఫోటోకి దండ ఎప్పుడు వేస్తారో మీకు తెలుసుగా... గుమ్మంలోంచి చూసింది. మొగుడి ఫోటో, దండ, అగరొత్తులు, చప్పుడు చెయ్యకుండా కూర్చున్న పిల్లలు. ఓడరేవులో బస్తాలు మీద పడి మనుషులు పోవడం మా వీధికి కొత్త కాదు. కబురు తనకంటే ముందే ఇంటికొచ్చిందనుకుంది. బిందె వదిలేసి గడపలో కూలబడి, "నన్నొగ్గీసి ఎల్లిపోనావా" అని గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

పుట్టినరోజు మామ్మా, పుట్టినరోజు అని నేను మొత్తుకుంటున్నా వినేవాళ్ళు లేరు. వీధిలో ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి, ఏమిటీ ఎందుకూ అని అడక్కుండా ఏడుపు అందుకున్నారు.

అంతలో డ్యూటీ దిగి తాతే వచ్చాడు, బస్తాలు లాగే కొక్కెం భుజాన వేసుకుని. ఇంటి ముందు జనాన్ని చూసి హడలిపోయాడు.

"ఎవలు పోనారు?" అన్నాడు.

మామ్మ తలెత్తి చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ తర్వాత నా జుట్టు పట్టుకుని వీపు విమానం మోత మోగించింది. "సూడు, బతికున్నోడికి దండేసీసింది నీ మనవరాలు. ఏటి పొయ్యేకాలమే నీకు?"

తాత నన్ను విడిపించి దగ్గరికి తీసుకున్నాడు. "ఎందుకేసినావే అమ్మీ?"

"మిఠూ వాళ్ళకి అన్ని పుట్టినరోజులున్నాయి. మనకి ఒక్కటీ లేదు" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

తాత ఫోటో వంక చూశాడు. కొక్కెం గోడకి తగిలించి, చేతులు కడుక్కుని వచ్చి, ఫోటోకున్న దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. ఫోటో పక్కన పెట్టి బియ్యం డబ్బా మీద తనే కూర్చున్నాడు.

"కానీండి మరి. పాడండి."

మామ్మ ఓ పక్క దేవుడికి చెంపలు వేసుకుంటోంది. మిఠూ లేచి పాడింది... వాళ్ళ కవి పాటే. పాట కూడా వాళ్ళదే అయిపోయిందని నాకు మళ్ళీ కడుపు మండింది. తాత మాత్రం పాట అయ్యేదాకా దండ సర్దుకుంటూనే ఉన్నాడు. అంత వయసొచ్చినా తాతకి పుట్టినరోజు చెయ్యడం అదే మొదలని తర్వాత మామ్మ చెప్పింది.

ఇప్పుడు పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు... ఫలానా సినిమా వచ్చి యాభై ఏళ్ళు, ఫలానా కప్పు గెలిచి ఇన్నేళ్ళు. ఇవాళ మిఠూ పెట్టింది, వాళ్ళ దాదు పుట్టి నూరేళ్ళు నిండాయని. ఫోటో, రజనీగంధ దండ, పక్కన గిన్నెలో పాయసం. లైకు కొట్టాను. కుళ్ళుకుంటూనే కొట్టాను.

మా తాత ఫోటో ఇప్పుడు నా ఇంట్లో ఉంది. దానికీ దండ ఉంది, ఈసారి తీసి మెడలో వేసుకోవడానికి తాత లేడు. ఆయన పోయిన తిథి మాకు తెలుసు, ఏటేటా తద్దినం పెడుతూనే ఉన్నాం. పుట్టిన రోజే తెలీదు. ఏ గాలివానో అన్నది మామ్మతోనే పోయింది. తాతకి నూరేళ్ళు ఎప్పుడో నిండాయో, ఈ ఏడే నిండుతున్నాయో... పాయసం వండుదామన్నా ఏ రోజున వండను?

మీ తాతగారి పుట్టినరోజు మీకు తెలుసా? తారీఖుతో సహా? అయితే కింద రాయండి. అన్నీ చదువుతాను... ఒక్కొక్కటీ చదివి కుళ్ళుకుంటాను.