పెళ్ళికో కార్డు

జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో మా తెలుగిళ్ళల్లో ఎవరు పుట్టినా, ఎవరు పెళ్ళి చేసుకున్నా, ఎవరు పోయినా ముందు కబురు వెళ్ళేది ఆదిబాబుకే. పంతులుగారిది రెండో పిలుపు. ఆదిబాబు ఫొటోలు తీస్తాడు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. నీలం గుడ్డ ఒకటి, స్టూలు ఒకటి, అద్దం దగ్గర దువ్వెన ఒకటి. ఆ ఒక్క దువ్వెనతో మా వీధంతా తల దువ్వుకుంది.

పోయినవాళ్ళకి ఫొటో ఏమిటని బయటివాళ్ళు అడుగుతుంటారు. శ్రీకాకుళం పల్లెల నుంచి అయినవాళ్ళు రైలెక్కి వచ్చేదాకా శవాన్ని ఉంచలేం కదా. అందుకని సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్ళేముందు బొట్టు పెట్టి, దండ వేసి ఆఖరి ఫొటో తీయిస్తాం. తరవాత వచ్చినవాళ్ళు దాన్ని చూసే ఏడుస్తారు.

ఫిల్ము రోజుల్లో దీంతో ఏ పేచీ లేదు. పెళ్ళి రీలు పెళ్ళిది, చావు రీలు చావుది. రెండు వేల అయిదులో ఆదిబాబు, టెల్కో కాలనీలో ఒక ఇంజనీరు వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా కొన్నాడు. దాంతోపాటే ఒక మెమరీ కార్డు వచ్చింది. చిక్కంతా దాంతోనే వచ్చింది.

ఆ కార్డులోనే కస్తూరమ్మ తమ్ముడు భీమారావు ఆఖరి ఫొటో పడింది. డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతూ కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. అప్పటికే కస్తూరమ్మ కూతురు శైలజ పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు. పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామ తేవాలి. "నానొక్కణ్ణే ఎత్తుతాను, ఎవుడూ సెయ్యెయ్యొద్దు" అని భీమారావు వీధంతా చాటాడు. శైలజ కాస్త బొద్దుగా ఉంటుంది. మేమంతా పడీపడీ నవ్వాం.

మైల రోజులు గడిచాక కస్తూరమ్మ స్టూడియోకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆదిబాబూ, మా తమ్ముడికి తీసిన రీలు ఏదిరా?"

"రీలు కాదు పిన్నీ, కార్డు. కెమెరాలోనే ఉంది."

"రేపు నా పిల్ల పెళ్ళి కూడా దాన్లోనే తీత్తావేటి?"

"మావ ఫొటో సెరిపేత్తాన్లే."

"సెరిపేత్తే మైల పోద్దేటి? శవాన్ని పడుకోబెట్టిన మంచం మీద దుప్పటి మార్చి, పెళ్ళికూతుర్ని కూకోబెడతావా?"

మా వీధిలో మైలకున్నంత బలం కంపెనీ సైరన్‌కి కూడా లేదు. పైగా కుళాయి దగ్గర కస్తూరమ్మ నోటికి ఎదురు లేదు. 'శవాన్ని తీసినదాంతోనే పెళ్ళీ తీశాడు' అని ఆవిడ ఒక్క మాటంటే, ఇక ఆదిబాబుని ఏ తెలుగింటి పెళ్ళికీ పిలవరు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆవిడ వెళ్ళాక చెరిపేద్దామని బటను మీద వేలు పెట్టాడు గానీ నొక్కలేకపోయాడు. అతనికి కంప్యూటరు లేదు. నెగిటివ్ అన్నా, అసలన్నా ఆ కార్డే. "నెగిటివ్ చింపడం నా వల్ల కాదు" అని కెమెరా పక్కన పెట్టేశాడు. కొత్త కార్డు కొనడానికి ఇద్దరం సాక్చీ బజారుకి వెళ్ళాం.

"ఫార్మాట్ మార్ దో భయ్యా, సబ్ సాఫ్" అన్నాడు షాపువాడు, అంతా తుడిచేస్తే పోయేదానికి ఇంకోటెందుకని. ఆదిబాబు అడ్డంగా తలూపాడు. షాపువాడు పెద్ద కార్డొకటి తీసి, ఇందులో రెండు పెళ్ళిళ్ళు పడతాయన్నాడు. ప్యాకెట్టు విప్పి ఉంది. ఇంకోటి దానికన్నా పెద్దది. అదీ డబ్బాలో విడిగానే ఉంది. షాపువాడు ఎంబీల గురించి ఊదరగొడుతుంటే మావాడు ప్యాకెట్ల అంచులు గోటితో గీకి చూస్తున్నాడు. చివరికి సీలుతో దొరికింది అన్నిట్లోకీ చిన్నది. "ఇదే ఇవ్వు" అన్నాడు. మెమరీ కార్డుని కొత్తకుండలా ఎంచి కొన్నవాడు జంషెడ్‌పూర్‌లో ఇతనొక్కడే అయ్యుంటాడు.

పెళ్ళినాడు పొద్దున్నే కస్తూరమ్మ ఎదటే సీలు విప్పాడు. ఆవిడ దానికి పసుపు రాయబోయింది. "పిన్నీ, ఆ రేకుల మీద పసుపు పడితే పెళ్ళి పడదు" అని బతిమాలి, పేరున్న వైపు చుక్క పెట్టించాడు. పాతదాన్ని కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. కార్డు చిన్నది కదా, దూరపు చుట్టాలకి ఉత్త ఫ్లాషు కొట్టి పంపించేశాడు. వాళ్ళు దానికే మురిసిపోయారు.

గదిలో పెళ్ళికూతురి ఫొటోలు తీస్తుంటే శైలజ మెల్లిగా అడిగింది.

"భయ్యా, మామా కా ఫోటో ఇసీ మే హై క్యా?"

"ఇందులో నేదమ్మా. అది తీసి జేబులో ఎట్టీసాను."

"వహీ లగావో నా," అంది శైలజ, అదే పెట్టమని. తరవాత తెలుగులోకి వచ్చింది. "గంపలో కూకున్నప్పుడైనా మావ నాతో ఉంటాడు కదా."

బయట గంప సిద్ధమైంది. శైలజ కూచుంది. తండ్రికి బదులు భీమారావు కొడుకు బలరామ్ గంపకి చేయి వేశాడు. ఆదిబాబు ఒక్క క్షణం ఆగి, పసుపు చుక్క కార్డు బయటికి లాగి, జేబులోది పెట్టాడు. కస్తూరమ్మ చూసేసింది. ఆవిడ కంటపడనిదేముంది గనక!

"ఏటిరా అది?"

అబద్ధమాడతాడనే అనుకున్నాను.

"భీమారావు మావ ఉన్న కార్డు పిన్నీ. శైలజ అడిగింది."

వీడి స్టూడియో ఇవాళ్టితో సరి అనుకున్నాను. కస్తూరమ్మ చేయి చాపి, "ఏదీ" అంది. అతను బటను నొక్కి చూపించాడు. అగ్గిపెట్టంత తెర మీద దండతో, బొట్టుతో తమ్ముడు. ఆవిడ పెళ్ళిపనుల్లో పడి తనివితీరా ఏడవడానికైనా వీల్లేకపోయిన మనిషి. కొంగుతో ఆ తెర తుడిచింది. మళ్ళీ చూసింది. పెళ్ళిపందిట్లో కన్నీళ్ళు కూడదని పెదవి బిగపట్టుకుంది.

"తియ్యి," అంది. "గంప లేత్తంది. ఆడు సూడాల."

గంప లేచింది. ఆ కార్డులో భీమారావు పక్కన ఉన్న ఫొటో శైలజదే.