అరువు గొలుసుతో చిలకలగూడకు

మా హర్షితకు పదమూడేళ్ళు. రెండేళ్ళుగా దాని వెన్నెముక పక్కకు వంగిపోతోంది. ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుందని విశాఖలో డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఆపరేషన్ మా ఆయన జూట్ మిల్లు జీతానికి అందేది కాదు. సికింద్రాబాద్ చిలకలగూడలో ఉండే ఒక దంపతులు షేర్లలో సంపాదించినదంతా ఇలాంటి పిల్లల వైద్యానికే పెడుతున్నారని ఆ డాక్టరుగారే చెప్పి, కాగితాలు కూడా ఆయనే పంపారు. వచ్చి కలవమని కబురొచ్చింది. వాళ్ళు పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయను. దారి మాత్రం వివరంగా రాస్తాను, నాలాగా గుండె చేత్తో పట్టుకుని బయల్దేరేవాళ్ళు ఇంకా ఉంటారు.

మా విజయనగరం వైపు ఒక పట్టింపు ఉంది. పెద్దవాళ్ళ గడప తొక్కేటప్పుడు బోసిగా వెళ్ళకూడదు, అందులోనూ సాయం అడగడానికి వెళ్ళేటప్పుడు అసలు వెళ్ళకూడదు. అందుకని మా అత్తగారు తోటికోడలి రెండుపేటల గొలుసు నా మెడలో వేసి, ఆడపడుచు గాజులు చేతులకు తొడిగారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. స్లీపర్ టికెట్టు మనిషికి నాలుగు వందల పైచిలుకు అయింది. హర్షితకు కింది బెర్తు దొరకడం అదృష్టం, పైకి ఎక్కలేదు పాపం. నేను మాత్రం కొంగు మెడ చుట్టూ బిగించుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఒకళ్ళ సొత్తు పోతే తీర్చే దిక్కు లేదన్న దిగులు ఒకటి, వాళ్ళు కాదంటే ఏమిటన్న దిగులు ఒకటి.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే దిగి, తెలియక ముందువైపుకు వచ్చేశాం. చిలకలగూడకు వెళ్ళాలంటే స్టేషన్ వెనకవైపు నుంచి బయటికి రావాలట. చుట్టూ తిప్పి తీసుకెళ్ళినందుకు ఆటోకు నూట ఇరవై ఇచ్చాను. ఇల్లు ఎవరిదో చెప్పగానే డ్రైవరు అద్దంలో హర్షిత వంక చూసి, "పరేషాన్ కాకు అక్కా, ఆడికి పోయినోళ్ళు ఏడ్సుకుంట రాంగ నేనైతే సూడలే" అన్నాడు. ఆ మాటకు ధైర్యం రావలసింది పోయి, మొదట ఏడ్చేది మేమే అవుతామేమోనని కొత్త భయం పట్టుకుంది.

అది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. పైన వాళ్ళిద్దరూ ఉంటారు, కింద పిల్లలతో వచ్చినవాళ్ళకు గదులు, ఒక వంటిల్లు. వంట చేసే యాదమ్మ మాకు ఉప్మా పెడుతూ వాళ్ళ కథ చెప్పింది. ఆమె కొడుక్కి గుండె ఆపరేషన్ చేయించింది వాళ్ళేనట. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెప్పి సంసారం నడిపితే, ఆయన జీతంలో మిగిలినదంతా షేర్లలో పెట్టి ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచారట. చుట్టాలు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. "గింత పైస ఉన్నా ఆయన గిప్పటికీ రెండు ఇడ్లీలే తింటడు. ఇంకేం జేస్కుంటరు?" అంది యాదమ్మ. పిల్లను ఒప్పుకోవాలంటే ఇద్దరూ సరేననాలి, ఒక్కరు కాదన్నా అంతే. అబద్ధం కనబడితే మాత్రం పెద్దాయన కాగితాలు మూసేస్తారట.

అంతా చెప్పి, నా మెడ వంక చూసి, "పెండ్లికొచ్చినట్టు గివన్నీ ఏంది అక్కా?" అంది.

ఉంచుకుంటే ఉన్నవాళ్ళమనుకుంటారు, తీసేస్తే లేనితనం నటించినట్టవుతుంది. ఆలోచించే లోపే పైనుంచి పిలుపొచ్చింది. స్నానాల గదిలోకి పరుగెత్తి, గాజులు ఊడదీసి, గొలుసు తల మీదుగా లాగేసి, అన్నీ చేతిరుమాలులో మూటకట్టి సంచి అడుగున తోసేశాను.

పైన ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన కాగితాలు తిరగేస్తున్నారు. ఆవిడ నన్నే చూస్తూ, "ఏటమ్మా, మెడ బోసిగా ఉంది?" అన్నారు. మాట విని మా వైపు మనిషేనని తెలిసింది. మెడ తడుముకున్నాను. పుస్తెలు లేవు. గొలుసుతో పాటు అవీ వచ్చేశాయి.

ఆయన తలెత్తారు. "భర్త మిల్లులో పని చేస్తున్నాడని ఇందులో ఉందే?" అని, నేను నోరు పెగుల్చుకునే లోపే కాగితాలు మూసేశారు. "కంపెనీ అయినా మనిషైనా, దాచేవాళ్ళ జోలికి నేను వెళ్ళనమ్మా."

హర్షితే సంచిలోంచి మూట తీసి, విప్పి బల్ల మీద పెట్టింది. రెండుపేటల గొలుసుకు చిక్కుపడి నా పసుపుతాడు, దానికి పుస్తెలు. బంగారుతాడు హర్షిత స్కానింగులకే అమ్మేశాం. గొలుసు ఎవరిదో, గాజులు ఎవరివో, ఎందుకు వేసుకున్నానో, ఎందుకు తీశానో వరస లేకుండా చెప్పేశాను. ఆవిడ చిక్కు విడదీస్తూ, "సొంత గొలుసే ఉంటే పుస్తెలు పసుపుతాడుకెందుకుంటాయండీ? మనూరి ఆడవాళ్ళు ముందు ఆ తాడునే బంగారానికి మార్చుకుంటారు" అన్నారు.

ఆయన ఆవిడ వంక చూశారు, ఆవిడ తలూపారు. కాగితాలు మళ్ళీ తెరిచి, హర్షితను రాత్రిళ్ళు నొప్పి ఎలా ఉంటుందని అడిగారు. చివరికి, "నువ్వు మళ్ళీ బడికి నడిచి వెళ్ళేదాకా మాదే పూచీ" అన్నారు. నేను భోరుమన్నాను. ఆవిడే పుస్తెలు నా మెడలో వేశారు.

ఇది రాసేనాటికి ఆపరేషన్ ఇంకా కాలేదు. అడగడానికి పడ్డ భయం పోయింది, అసలు భయం ఇప్పుడు మొదలైంది. ఆపరేషన్‌లో కాళ్ళు పడిపోయే ముప్పు కొంత ఉంటుందని ఇక్కడి డాక్టర్లు పరీక్షలు చేసి చెప్పారు. వాళ్ళ ఆస్తంతా పోసినా ఆ హామీ ఎవరూ అమ్మరు. ఆవిడ కూడా ఫరవాలేదని బూటకపు ధైర్యం చెప్పలేదు. "భయం ఉంటాదమ్మా. ఆ రోజు నీ పక్కన కూకుంటాను" అన్నారు. డబ్బిచ్చేవాళ్ళు ఎక్కడో ఒకచోట దొరుకుతారేమో గానీ, ఆ మాట అనేవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

వెళ్ళేవాళ్ళకు సలహా ఒక్కటే. తోడుగా ఒక మనిషిని తీసుకెళ్ళండి, ఆసుపత్రిలో పిల్లను పరీక్షలకు లోపలికి తీసుకెళ్ళాక బయట ఒంటరిగా కూర్చోవడం చాలా కష్టం. ఎవరూ దొరకకపోతే మాత్రం ప్రయాణం మానుకోకండి. ఆవిడ వచ్చి కూర్చుంటారు.