జాతర రోజున అంటించిన నోటీసు

మా సంతోష్‌రావు సారు కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చుంటే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతాను. పద్దెనిమిదేళ్లుగా ఆయన దగ్గర గుమాస్తాను, ఆమాత్రం చనువుంది. ఆయన మా ఊరి మున్సిపాలిటీ వకీలు. ఊరి పేరెందుకు లెండి, జమ్మికుంటలో బస్సెక్కితే అరగంటలో దిగుతారు.

మున్సిపల్ వకీలంటే నల్లకోటు వేసుకుని కోర్టులో గర్జించడమే అనుకుంటారు జనం. గర్జించేది నెలకోసారి. మిగతా రోజులన్నీ ఫైళ్ల వెంట తిరగడమే. ఎవరో మున్సిపాలిటీ మీద కేసు వేస్తారు. జవాబు రాయాలంటే ఆఫీసు నుంచి వివరణ రావాలి, అది పది ఫోన్లు చేస్తే గానీ రాదు. కాంట్రాక్టు కాగితాలు చదవాలి. ఏదైనా కూల్చాలని కమిషనర్‌కు తోచినప్పుడు చట్టం ఒప్పుకుంటుందో లేదో చెప్పాలి. పోయే ప్రతి నోటీసూ దిద్దాలి. ఆయన దిద్దని నోటీసు బయటికి పోయిందంటే ఆ రోజు నా చెవులకు చిల్లులే.

అలాంటి మనిషి నోటీసు దగ్గరే తప్పు చేశాడు. అందులో నాకూ వాటా ఉంది.

పాత బస్టాండు వెనక గల్లీలో భూమవ్వ అనే ఆమె సర్వపిండి, గారెలు చేసి అమ్ముతుంది. ఆమె వంట చేసే రేకుల గది సగం నాలా మీదే ఉంది. వానాకాలంలో నీళ్లు పోయే దారి లేక వెనకున్న నలభై ఇళ్లలోకి మోకాలి లోతు మురుగు వస్తుంది. గది తీయాల్సిందే, అందులో సారుకూ నాకూ అనుమానం లేదు.

అవి మేడారం జాతర రోజులు. సారూ నేనూ జంపన్నవాగులో నిలబడి ఉన్నాం. సారు మొక్కిన బెల్లం మూట నా నెత్తిన ఉంది. మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ చూసే రోజారాణి మేడం ఫోన్ చేసింది.

"సార్, భూమవ్వ ఇంటికి తాళమున్నది. నోటీసు ఎట్లియ్యాలె?"

"తలుపుకు అంటించి ఫొటో దియ్యిండ్రి. ఏడు రోజులు ఆగి గది తీసెయ్యిండ్రి," అన్నాడు సారు.

జనం గోలలో ఒక చెవి మూసుకుని, మోకాళ్ల లోతు నీళ్లలో ఇచ్చిన న్యాయసలహా అది. ఇంటికి తాళం ఎందుకుందని ఆయన అడగలేదు. నా ధ్యాసంతా బెల్లం తడవకుండా చూడటం మీదే ఉంది.

ఎనిమిదో రోజు పొద్దున్నే గల్లీలోకి జేసీబీ వచ్చింది. గది మెట్లు కూలగానే భూమవ్వ పరుగున వెళ్లి స్పందన అనే కొత్త వకీలును పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా కోర్టు పని ఆపమని, వాదనను ఎండాకాలం చివరికి వేసింది. నాకు నోటీసే అందలేదని భూమవ్వ వాదన. అందింది, ఇదిగో ఫొటో అని మా జవాబు. ఆ జవాబు టైపు చేసింది నేను, సంతకం పెట్టింది సారు. గెలుపు మనదేనని ఆఫీసులో అందరూ ధీమాగా ఉన్నారు.

వాదనకు మూడు రోజుల ముందు సారు ఫైలు తిరగేస్తూ ఫొటో దగ్గర ఆగాడు.

"పరశురాములు, గీ తేదీ జూడు."

చూశాను. "సమ్మక్క గద్దె మీదికొచ్చిన దినం గద సార్."

ఆయన వేలు ఫొటోలో పక్కింటి తలుపు మీదికి జరిగింది. దానికీ తాళమే. దాని పక్కదానికీ తాళమే. గల్లీ మొత్తం మాతోపాటే మేడారంలో ఉంది. మనిషనేవాడు లేని చోట కాగితం అంటించి, మేము దర్జాగా ఏడు రోజులు గడువిచ్చాం. కనుక్కుంటే తెలిసింది, భూమవ్వ అటునుంచటే మంథనిలో చుట్టాలింటికి పోయి ఏడో రోజు సాయంత్రం వచ్చిందట. అప్పటికి కాగితం గాలికి పోయిందో, ఆవు తిన్నదో.

అప్పటి నుంచి సారుకు కాలు నిలవలేదు. చాయ్ తెప్పించుకుని తాగడం మరిచాడు. రోజుకు రెండుసార్లు స్కూటరేసుకుని ఆ గల్లీకి పోయి, కాసేపు నాలా వైపు, కాసేపు ఆమె పొయ్యి వైపు చూసి వచ్చేవాడు. సారు వాళ్లమ్మ జానకీబాయి నాకు ఫోన్ చేసింది. "మీ సారుకేమైంది పరశురాములు? బువ్వ కాడ గూడ కూసుంటలేడు."

నేనుండబట్టలేక అన్నాను. "స్పందన మేడం ఫొటోల తేదీ పట్టుకోలే గద సార్. మనమెందుకు జెప్పాలె?"

"భూమవ్వ సుత మన మున్సిపాలిటీల ఉండే మనిషే గాదా?" అని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని మళ్లీ బయటికి పోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు ఆ పదవి పోతే నాకు మాత్రం ఎవరిస్తారు పని?

వాదనకు ముందురోజు సారు కమిషనర్ సదానందం దగ్గరికి పోయి సంగతి చెప్పాడు. కొత్తగా నోటీసిచ్చి మళ్లీ మొదలుపెడదామన్నాడు. కమిషనర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు మా వకీలా, ఆమె వకీలా? నాలుగు వానలు పడితే గా నలభై ఇండ్లోళ్లకు ఎవరు జవాబు జెప్పాలె? గీ కేసయినంక మీ తొవ్వ మీరు జూస్కోండ్రి."

"మంచిది సార్," అన్నాడు మా సారు.

తెల్లారి కోర్టులో జడ్జి అడిగారు, నోటీసు అందినట్టేనా అని. సారు లేచాడు.

"అంటించినం సార్. అందలే. గల్లీల ఒక్కరు లేని దినం అంటించినం. అంటించుమన్నది నేనే. నేను సుత జాతరలనే ఉన్న."

స్పందన మేడం గబగబా తన ఫైల్లో ఫొటో వెతుక్కుంది. కొత్త నోటీసు చేతికే ఇచ్చి, ఏడు రోజులు ఆగమన్నారు జడ్జి. బయట గేటు దగ్గర ఆ నలభై ఇళ్లలో ఒకాయన సారును నానా మాటలన్నాడు. ఆయన్ను అంతమందిలో అలా అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

నోటీసును రోజారాణి మేడం భూమవ్వ చేతికే ఇచ్చింది, సారు పక్కనుండి చదివి వినిపించాడు. భూమవ్వ వేలిముద్ర వేసి కాగితం బొడ్లో దోపుకుంది. మళ్లీ కోర్టుకే పోతుందనుకున్నాం. ఈలోగా వానలొస్తాయేమోనని సారు రోజుకు పదిసార్లు మబ్బుల వైపు చూసేవాడు.

ఐదో రోజు ఇక ఆగలేక నన్ను వెంటబెట్టుకుని గల్లీకి పోయాడు.

గది లేదు. రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడకు ఆనించి ఉన్నాయి. దర్వాజ చెక్కు చెదరకుండా ఊడదీసి పక్కన నిలబెట్టి ఉంది. పొయ్యి నాలాకు ఇవతలికి వచ్చింది, దాని మీద సర్వపిండి కాలుతోంది. నాలా పొడుగునా తెరుచుకుని ఉంది.

"నువ్వే తీసినవా భూమవ్వా?" అన్నాడు సారు.

"ఇంకెవలు దీస్తరు సారూ. మిషినొస్తే రేకులు నుజ్జయితయి, దర్వాజ ముక్కలైతది. మా ఇంటాయన జేసిన దర్వాజ అది, ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. దానికోసమే కోర్టుకు వోయిన. నాలా మీదున్నదని నాకు తెల్వదా? మొదలే కాగితం చేతికిచ్చి జెప్తే అప్పుడే తీస్కుంటుంటి."

ఆమె ఒక స్టూలు తుడిచి వేసింది. సారు కూర్చున్నాడు. ఆకులో సర్వపిండి పెట్టి ఇస్తే ఒళ్లో పెట్టుకుని, ఆ దర్వాజ వైపే చూస్తూ, అది చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఒంట్లో బాగుందా అని నేను అడగలేదు.