ఇంగ్లిష్ సారు బాస్కెట్‌బాల్ బనియన్

గల్ఫులోని రువైస్‌లో ఉన్నప్పుడు ఒక ఇంగ్లండు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడానని ఇన్నేళ్లూ మనవలకు గొప్పలు చెప్పాను. అబద్ధం. ఎనభైల్లో అక్కడి కంపెనీ క్యాంపు లాండ్రీలో బట్టలు ఉతికేవాణ్ని. ఆ జట్టు బనియన్ ఒకటి ఉతికాను, అంతే.

అది మా ఇంగ్లిష్ ఇంజనీరుది. పొరపాటున మాసిన బట్టల్లో కలిసి వచ్చింది. లాండ్రీలో ప్రతి బట్ట మీదా సిరాతో గుర్తు వేస్తాం. బట్ట ఇంకొకరికి పోతే పాత గుర్తు చెరిపి కొత్తది వేస్తాం. ఈ బనియన్ నిండా సిరా గీతలే.

"పన్నెండు మంది చేతులు మారిందిరా ఈ అంగి! గట్టిగ రుద్దు" అన్నాడు నాతో పనిచేసే గంగన్న. బ్లీచ్ పోసి మల్లెపువ్వులా చేశాను. మెచ్చుకుంటాడని నేనే పట్టుకెళ్లాను.

సారు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అది వాళ్ల ఊరి చిన్న క్లబ్బట. ఎప్పుడూ కింది లీగులోనే ఆడి, చివరికి మూతపడిందట. ఆఖరి ఆటనాడు తోటి ఆటగాళ్లు పన్నెండు మందీ దానిమీద సంతకాలు పెట్టారట.

"మిషన్ ప్రాబ్లం సార్" అనేశాను.

ఆయన కోప్పడలేదు. పెన్ను తీసి, ఒక్కో పేరూ గుర్తు చేసుకుంటూ మళ్లీ రాశాడు. పది రాశాక చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మిగతా రెండు పేర్లూ గుర్తురాలేదు.

ఆ జట్టుకు నేను చేసిందల్లా ఇద్దరు ఆటగాళ్లను తగ్గించడమే.