లోహం ఖాళీ వదలదని నమ్మిన రోజు

తిరుపతి బస్టాండులో కాఫీ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఇంకో రెండేళ్లకు వాసన చూపించి పంపేస్తారేమో. ఆ రెండు గుక్కలూ తాగి ఆరుంబావు బస్సెక్కాను.

ప్రయాణం బంగారుపాళ్యంలో ఒక వర్క్‌షాపుకు. అల్యూమినియం మిశ్రమలోహపు పలకల్ని కరిగించకుండా అతికే పద్ధతి ఒకటుంది. గిర్రున తిరిగే ఉక్కు మొనను అతుకులోకి దించి నడిపిస్తే, రాపిడి వేడికి లోహం మెత్తబడి, సంగటి కెలికినట్టు కలిసిపోతుంది. నాలుగేళ్లుగా దాన్ని నేను కంప్యూటర్‌లో కెలుకుతున్నాను. నిజమైన అతుకు నా లెక్కతో సరిపోతే థీసిస్ ఇచ్చెయ్యమన్నారు మా గైడు. సరిపోకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎనిమిదిన్నరకు చిత్తూరులో ఇడ్లీ తిని బస్సు మారాను. రెండు పక్కలా మామిడితోపులు. కిటికీకి తల ఆనించి కళ్లు మూస్తే నా కంప్యూటర్ తెర మీది రంగులే: నీలంలోంచి పసుపు, పసుపులోంచి ఎరుపు. లోహం తేనెలా మొన చుట్టూ తిరిగి, వెనక మెల్లగా కలుసుకుంటోంది. అక్కడ చప్పుడుండదు, పొగ ఉండదు.

"దిగప్పా, ఊరొచ్చిండాది. మిగిలిన నిద్దర ఆడ పో," అన్నాడు కండక్టరు.

వర్క్‌షాపు రహీం భాయ్‌ది. మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేస్తాడు. నా పలకల్ని మిల్లింగు మిషనుకు బిగించాడు. కంప్యూటర్ పదకొండు రోజులు లెక్కేసిన అతుకు మూడు నిమిషాల్లో అయిపోయింది. వేడి కొలిస్తే నా లెక్కకు అయిదారు డిగ్రీలే తేడా. నేను కొంచెం గంతేసిన మాట నిజం.

"ఎగరొద్దప్పా. మధ్యలో చప్పుడు మారింది. కోసి సూస్తాం," అన్నాడు రహీం భాయ్.

కోశాడు. పైన నున్నగా ఉన్న అతుకు లోపల, పొడుగునా, సూది దూరేంత సొరంగం.

"ఈ బొక్క మీ కంప్యూటర్‌లో లేదా?"

"లేదు భాయ్."

"ఎందుకు లేదు?"

నా లెక్కలో లోహం ఎక్కడా తెగదు, ఖాళీ వదలదు. లెక్క సులువవుతుందని ఆ అవకాశాన్ని మొదటిరోజే నేనే తీసేశాను. ఇది చెప్పడానికి రెండు టీలు పట్టాయి.

రెండుంబావు తిరుగుబస్సు. పక్క సీట్లో పల్ప్ డబ్బాలు తనిఖీ చేసే పెద్దమనిషి. నా చేతిలోని అతుకు ముక్క ఏమిటని అడిగితే కథంతా చెప్పాను. ఎండలో తోపులు వెనక్కి పారుతున్నాయి. ఈ దారి ఎవరైనా చూడదగ్గదే, వెళ్లేటప్పుడు కళ్లు మూసుకోకపోతే నేనూ చూసేవాణ్ణి.

"మిగతాదంతా సరిపోయిందండీ. వేడి కూడా," అన్నాను.

ఆయన ముక్కను వెలుతురుకు పట్టి, ఆ బొక్కలోంచి చూసి, నా చేతికిచ్చాడు.

"బొక్క పడేదానికి చోటే ఇయ్యకుండా, బొక్క లేదని చెప్పించుకునేదానికి నాలుగేండ్లు దేనికప్పా?"